ఆకుతోట తూము తలుపు

విస్తరాకు ఒకటి మురుగుకాలువలో కొట్టుకొస్తూ కల్వర్టు కింద ఆగింది. ఉన్నచోటే ఒక చుట్టు తిరిగింది. తర్వాత మెల్లగా, వచ్చిన దారినే వెనక్కి కదిలింది. ప్రమాదం ఉందని నాకు మొదటిసారి తోచింది సరిగ్గా ఆ క్షణంలో.

అప్పటికి రోడ్డు మీద చుక్క నీరు నిలవలేదు. వాన ఓ మోస్తరుగా పడుతోంది. పక్కన బజ్జీల బండి దగ్గర కొందరు గొడుగులు పట్టుకుని, ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారట అని చెప్పుకుంటున్నారు. అందరి మొహాలూ నది వైపే ఉన్నాయి. కాలువ వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే, అదీ జీతం తీసుకునే పని కాబట్టి.

అంతకుముందే, ఆ కాలువ నదిలో కలిసేచోట తూము కాపలా చూసే లస్కరు వీర్రాజు ఫోన్ చేసి, తూము తలుపు దించేశానని చెప్పాడు. తలుపు దిగితే కాలువలో నీరు ఎటూ పోకుండా నిలబడాలి. వెనక్కి నడవకూడదు. ఆ కాలువ వెనక్కి నడిస్తే చేరేది ఆకుతోట కాలనీకి. నా పిల్లలిద్దరూ ఆ కాలనీలో ఉన్నారు.

ఇది రెండేళ్ళ కిందటి శ్రావణమాసం సంగతి. నేను అప్పుడు రాజమండ్రిలో మురుగుకాలువల పని చూసే విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఆ ఉద్యోగంలో చేరి, ఇద్దరు పిల్లల తల్లినై, కిందటేడు చిన్నదాని ఆరోగ్యం కోసం మానేశాను. పదవీ విరమణ అనే మాట నా వయసుకి నప్పదు గానీ, తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు కాబట్టి అదే అనుకోవచ్చు. పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. బయట వాన పడుతోంది. వాన మొదలైతే ఇప్పటికీ నా మనసు ఆ తలుపు దగ్గరికే పోతుంది. దించారో లేదో, దించితే సరిగ్గా కూర్చుందో లేదో.

ముందు ఊరి సంగతి చెప్పాలి. రాజమండ్రికి కొత్తగా వచ్చినవాళ్ళు గోదావరిని చూసి, ఇది నదేనా అని అడుగుతారు. అడగడం సబబే. ఊరికి దిగువన ధవళేశ్వరంలో బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది. అందువల్ల ఏడాదిలో చాలా రోజులు ఇక్కడ గోదావరి ప్రవహిస్తున్నట్టే ఉండదు. అవతలి ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది. నడి వేసవిలో కూడా నిండుగా, కదలకుండా, పెద్ద సరస్సులా పరుచుకుని ఉంటుంది. ఊరి బతుకంతా ఆ నీటిని బట్టే అమరింది. ఎండాకాలం పగలంతా జిగట చెమటతో ఉక్కపోస్తుంది. పొద్దు వాలగానే నీటి మీంచి గాలి లేస్తుంది. జనం పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టెక్కుతారు. పెళ్ళి మాటలు, స్థలాల బేరాలు, ఎన్నికల పందేలు అన్నీ ఆ గాలిలోనే నడుస్తాయి. అందుకే ఇక్కడివాళ్ళకి ఊరంటే నది ఒడ్డు. ఇల్లు ఎక్కడున్నా చూపు అటే.

నేల వాలు మాత్రం అటు లేదు. డెల్టాలో నది ప్రతి వరదకీ తెచ్చిన ఒండ్రుని ముందు తన ఒడ్డునే పోసుకుంటుంది. ఒడ్డు మెరక అవుతుంది, ఒడ్డుకి దూరమయ్యేకొద్దీ పల్లం. ఇటువైపు ఆ పల్లాన్ని ఆవ అంటారు. పాతకాలం వాళ్ళు మెరక మీద ఇళ్ళు కట్టుకుని, ఆవలో వరి, చెరుకు, తమలపాకు తోటలు వేసుకున్నారు. ఊరు పెరిగి మెరక చాలక తోటలు ప్లాట్లయ్యాయి. పేర్లు మాత్రం మిగిలాయి. కాలనీ పేరులో తోట అనో ఆవ అనో ఉంటే, ఇల్లు అద్దెకు తీసుకునేముందు గుమ్మానికి ఎన్ని మెట్లున్నాయో చూసుకోవాలి. మేం చూసుకోలేదు. స్కూలు దగ్గరని ఆకుతోటలో దిగాం. నేను కాలువల ఇంజనీరునే అయినా, ఇల్లు వెతికేటప్పుడు తల్లిలాగే వెతికాను.

ఇక వాతావరణం. గోదావరి వరదకీ ఇక్కడి వానకీ సంబంధం లేదు. ఎక్కడో ఎగువ కొండల్లో కురిసిన నీరు భద్రాచలం దాటి, ఇక్కడ మనం డాబా మీద ఎండలో వడియాలు పెట్టుకుంటుండగా వచ్చేస్తుంది. దాన్ని ఏటిగట్టు ఆపుతుంది. ఇక్కడి వాన వేరు. అది బంగాళాఖాతంలో అల్పపీడనం పడినప్పుడు వస్తుంది. దాన్ని కాలువ మోసుకెళ్ళి నదిలో కలుపుతుంది. ఈ రెండూ వేర్వేరు రోజుల్లో వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఒకే రోజు వచ్చాయా, నది కాలువకంటే ఎత్తవుతుంది. వాన నీటికి పోయే దారి ఉండదు.

ఆ రోజు కోసమే తూము. ఆకుతోట పల్లంలో పడిన నీరంతా ఒక కాలువలో చేరి, ఊరి వెనకగా దక్షిణానికి వెళ్ళి, ఏటిగట్టు అడుగున కట్టిన తూము గుండా గోదావరిలో పడుతుంది. ఆ తూముకి ఒక ఇనుప తలుపు ఉంది. కాగితాల మీద షట్టరు, మా నోట తలుపే. రాతి గోడల్లో తీసిన గాడుల్లో అది పైకీ కిందికీ కదులుతుంది. పైన వేదిక మీద ఇనుప చక్రం తిప్పితే, మరలున్న పొడవాటి రాడ్డు దాన్ని దించుతుంది. అది వెళ్ళి ఆనుకునే సిమెంటు దిమ్మని గడప అంటాం. నది పెరిగి కాలువ నీటితో సమం కాబోతుండగా తలుపు దించాలి. తొందరపడి దించితే ఊళ్ళో వాన నీరు ఊళ్ళోనే ఉండిపోతుంది. ఆలస్యం చేస్తే నది లోపలికి వస్తుంది. దించాక, లోపల చేరే నీటిని డీజిల్ పంపులతో తోడి గట్టు మీంచి నదిలో పోస్తాం. తలుపు దించి ఎత్తే మనిషి లస్కరు.

ఆ రోజు శుక్రవారం, మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. మావారు బ్యాంకు ఉద్యోగం మీద అమలాపురంలో ఉన్నారు, వరద రోజుల్లో సెలవు దొరకలేదు. మండపేట నుంచి మా అత్తగారు వచ్చి వ్రతం ఏర్పాట్లన్నీ చూసుకున్నారు. నాకోసం ఒక కొత్త చీర కూడా తెచ్చారు. ఆకుపచ్చది, మామిడిపిందెల అంచు. పొద్దున్నే కాలువ గట్ల వెంట తిరగాలి కాబట్టి సాయంత్రం కట్టుకుంటానని పీట మీద పెట్టి వెళ్ళాను. పూజ ఇంకా మొదలవకపోయినా ఆవిడ నా చేతికి తోరం కట్టేశారు. ఉద్యోగం చేసేవాళ్ళతో అమ్మవారు సర్దుకుంటుందిలే అన్నారు. గుమ్మం దాకా వచ్చి పులిహోర డబ్బా స్కూటర్‌కి తగిలించారు.

"గట్టు అంచుకి వెళ్ళి నిలబడకమ్మా."

"నా పనే గట్టు మీదండి."

"అందుకే చెప్తున్నా. మధ్యాహ్నం వీధిలో ఆడాళ్ళందరం గోదారికి చీర ఇస్తున్నాం. నీ పేరు చెప్పి ఇస్తాలే."

గోదావరి పొంగినప్పుడు పసుపు, కుంకుమ, గాజులు, కొత్త చీర ఇచ్చి, చల్లగా వెళ్ళిపో తల్లీ అని మొక్కడం ఇక్కడి ఆడవాళ్ళకి అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. మామూలుగా స్నానాల రేవుల్లో ఇస్తారు. పిల్లల్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దని మాత్రం చెప్పి బయల్దేరాను. ఆ రోజు పోలీసులు రేవులన్నీ మూసేశారు. రేవులు మూస్తే ఇంతమంది ఆడవాళ్ళు చీరలు పట్టుకుని ఎక్కడికి వెళ్తారన్న ప్రశ్న మా విభాగంలో గానీ, రేవులు మూయించినవాళ్ళకి గానీ తట్టలేదు.

కల్వర్టు దగ్గర్నుంచి నేను తూముకి చేరేసరికి వాన జోరందుకుంది. వీర్రాజు, అతని జోడీ సత్తిబాబు గోనెసంచులు తలమీద కప్పుకుని వేదిక మీద కూర్చున్నారు.

"తలుపు దిగిందా, వీర్రాజూ?"

"ఆయ్. ఎప్పుడో దిగిపోయిందండి. చక్రం బిగిసిపోయింది కూడానండి."

"మరి కాలువ వెనక్కి నడుస్తోందేంటి?"

అతను లేచి కాలువ వైపు వంగి చూశాడు. తూము లోపలి నోటి దగ్గర నీరు సుడులు తిరుగుతూ నురగ కక్కుతోంది. "ఓరి నాయనో," అని సత్తిబాబు వైపు తిరిగాడు. "నువ్వు చూస్తానన్నావు కదరా."

"నేను నది వైపు చూశాను, అది పెరుగుతుందో లేదోనని."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. రాడ్డు మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. తలుపు గడప మీద పూర్తిగా కూర్చుంటే ఆ గీత చక్రం అంచుకి అందాలి. గీతకీ అంచుకీ మధ్య జానెడు ఎడం ఉంది. అడుగున కూడా అంతే సందు ఉన్నట్టు లెక్క. జానెడు అంటే వినడానికి చిన్నదే. కానీ అవతల గోదావరి దాని మీద ఒత్తుతోంది, గంటగంటకీ పెరుగుతోంది. తెల్లవార్లూ అలా వదిలేస్తే ఆకుతోటలో మంచాలు తేలతాయి. మంచాల మీద పడుకునే నా పిల్లలు అప్పటికి బాగా చిన్నవాళ్ళు. పెద్దది పండు ఒకటో తరగతి, చిన్నది బుజ్జి ఇంకా మాటలు నేర్చుకుంటోంది.

మా డి.ఈ. గారికి ఫోన్ చేశాను. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, నాకు పై అధికారి. నిదానస్తుడు, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. జీపులో వచ్చి, తడుస్తూనే రాడ్డుని, నీటిని, మళ్ళీ రాడ్డుని చూశారు. చక్రానికి గొట్టం తగిలించి నలుగురం కలిసి బలంగా తిప్పుదామని సత్తిబాబు అన్నాడు. ఆయన వద్దన్నారు. అడుగున ఏదో అడ్డం పడి ఉండగా బలం పెడితే రాడ్డు వంగుతుంది, వంగిన రాడ్డుతో తలుపు ఇక దిగదు, ఎత్తడానికీ రాదు. వరదకి దుంగ ఏదన్నా కొట్టుకొచ్చి ఉంటుందన్నది ఆయన ఊహ. కడియం నర్సరీల నుంచి ట్రాక్టర్లు తెప్పించి, ఇసుక బస్తాలతో లోపలి నోరు మూసేద్దామన్నారు. అది జరిగేపని. కానీ ట్రాక్టర్లు ఆ వానలో వచ్చేసరికి చీకటి పడుతుంది, పైగా ఆ నీటి వేగానికి బస్తాలు నిలుస్తాయన్న నమ్మకం ఆయనకే లేదు.

అప్పుడు చూశాను వేదిక కమ్మీని. దాని పొడవునా పసుపు పూసి ఉంది. వానకి కారి, రాతి మీద పచ్చటి చారలు కట్టింది. మూలల్లో బంతిపూలు, కొబ్బరి చిప్పలు ఉన్నాయి.

"ఇక్కడికి ఆడవాళ్ళు వచ్చారా?"

"అయ్యబాబోయ్, జాతరేనండి," అన్నాడు వీర్రాజు. "రేవులు మూసేశారు కదండి. మా ఆవిడ కూడా వచ్చింది."

"చీర నీకు చూపించిందా?" అన్నాడు సత్తిబాబు.

"నాకెందుకు చూపిస్తదిరా, నేను కట్టుకుంటానా?"

"తలుపు దించకముందు వచ్చారా, దించాకా?" అని అడిగాను.

"ముందేనండి. అప్పుడు కాలువ నీళ్ళు గోదారిలోకి లాగుతున్నాయి కదండి. ఇక్కడ వేస్తే సరాసరి అమ్మ దగ్గరికే పోతాయని ఇక్కడే వేశారు."

ఆ ఆలోచన తప్పు కాదు. ఉత్త చీర అయితే తూము దాటి నదిలోకి పోయేది. ఒకవేళ గడప మీద చిక్కుకున్నా తలుపు బరువుకి నలిగిపోయేదే, జానెడు ఎత్తున ఆపేది కాదు. నేను అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ, చీర ఉత్తినే వేశారా, దాంట్లో ఏమన్నా కట్టారా?"

"ఉత్తినే ఎలా వేస్తామమ్మా? ఇచ్చిన చీర మళ్ళీ ఒడ్డుకి రాకూడదు కదా. కొంగులో రాయి కట్టాం. పసుపు రాసి బొట్టు పెట్టి."

"ఎంత రాయండి?"

"గట్టుకి పేర్చినవేనమ్మా. రెండు చేతులా పట్టేంత. అందరం తలొకటీ కట్టాం. ఏం, మీ ఆఫీసర్లు ఏమన్నా అన్నారా?"

ఏమీ అనలేదని చెప్పి పెట్టేశాను. డి.ఈ. గారికి నా లెక్క చెప్పాను. అడ్డం పడింది దుంగ కాదు. చీరల్లో కట్టిన రాళ్ళు గడప మీద కూర్చున్నాయి, తలుపు వాటి మీద కూర్చుంది. దాన్ని దించాలంటే ముందు ఎత్తాలి. ఎత్తితే నది వడిగా లోపలికి దూకుతుంది. ఆ వడికి చీర తెరచాపలా ఉబ్బి, రాయితో సహా గడప దాటి కాలువలోకి వస్తుంది. లోపలి నోటి దగ్గర కొక్కేలు కట్టిన వెదురు గెడలతో మనుషులు నిలబడితే లాగేయవచ్చు. మిగిలిన వాటిని గెడతోనే గడప మీంచి నెట్టేయవచ్చు. తర్వాత దించుదాం.

ఆయన వంగి, ఎర్ర గీతకీ చక్రం అంచుకీ మధ్య ఎడాన్ని జానతో కొలిచారు. ఎత్తిన తలుపు ఆ ఒత్తిడికి మళ్ళీ దిగకపోతే ఏమవుతుందో నాకు చెప్పనక్కర్లేదు, ఆయనా చెప్పలేదు.

"మీ ఇల్లు ఆకుతోటలోనే కదమ్మా?"

"అవునండి."

"పిల్లలు?"

"ఇంట్లోనే ఉన్నారండి."

"అయినా ఎత్తమంటావా?"

"జానెడు సందు తెల్లవార్లూ ఉండేకన్నా, పూర్తిగా ఎత్తి కాసేపు వదలడం నయమండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తడి రుమాలు కావడంతో ఇంకా మసకైతే మళ్ళీ పెట్టుకుని, "ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. కాలనీలోకి మైకు ఆటో నేను పంపిస్తాను," అన్నారు.

రెండోసారి ఫోన్ ఎత్తగానే అత్తగారి వెనక బుజ్జి ఏడుపు వినిపించింది. నిద్రలోంచి లేచినట్టుంది. పిల్లల్ని తీసుకుని వెంటనే పై వాటాలోకి వెళ్ళమన్నాను.

"కలశం ఎలాగమ్మా? రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

"కలశాన్ని అక్కడే ఉండనివ్వండి. పిల్లల్ని కదపండి."

"నీళ్ళొస్తున్నాయా?"

"కాసేపు వస్తాయండి. నేనే వదులుతున్నాను."

అవతల బుజ్జి ఏడుపు ఆగింది. ఎత్తుకున్నట్టున్నారు.

"నువ్వే వదులుతున్నావా," అన్నారు. "అయితే భయమేంటి. నీకు తెలుసు కదా ఎప్పుడు ఆపాలో. పండూ, చెప్పులేసుకో."

ఆ ఫోన్ నా చేతిలో ఎంతసేపు ఉందో గుర్తులేదు. నాకు తెలుసునన్న నమ్మకం ఆ గట్టు మీద ఎవరికీ లేదు, నాకూ లేదు. ఆవిడకి ఉంది.

కాలనీ అంతా పై వాటాలకీ మెరక మీదికీ చేరారని మైకు ఆటో నుంచి కబురు వచ్చాక పని మొదలుపెట్టాం. సత్తిబాబు, డి.ఈ. గారు పిలిపించిన మరో ఇద్దరు కూలీలు నడుములకి తాళ్ళు కట్టుకుని, తాళ్ళు గట్టు మీద గుంజలకి బిగించి, గెడలతో కాలువ లోపలి మెట్ల మీద నిలబడ్డారు. అక్కడ సత్తిబాబు ఆగిపోయాడు.

"గోదారమ్మకి ఇచ్చినవి వెనక్కి లాగితే తప్పు కాదాండి?"

అతను హాస్యానికి అనలేదు. మిగతా ఇద్దరూ కూడా గెడలు దించారు. ఇలాంటి చోట పాపం లేదు, పుణ్యం లేదు అని ఉపన్యాసం చెబితే పని జరగదు.

"దాంట్లో నా పేరు చెప్పి ఇచ్చిన చీర కూడా ఉంది, సత్తిబాబూ. తీసుకునేది నేనే, మీరు గెడ పట్టుకోండి చాలు. అమ్మ అడిగితే నా పేరు చెప్పండి."

"ఆయ్," అన్నాడు. గోదావరి వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టి, గెడ అందుకున్నాడు.

వీర్రాజు చక్రం తిప్పాడు. ముందు రాడ్డు కిర్రుమంది. తర్వాత తలుపు లేచింది, దాని కింద నుంచి గోదావరి ఒక్క ఉరుకున తూములోకి దూకింది. ఆ శబ్దం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కాళ్ళ కింద వేదిక అదిరింది. ఎర్రటి నీరు కాలువ అంచుల దాకా లేచి ఊరి వైపు పరుగు పెట్టింది. మా గుమ్మానికి మూడు మెట్లు. మెట్టు ఎత్తు ఎంతో ఇల్లు చూసినరోజు కొలవలేదు, ఆ నిమిషంలో మనసులో కొలుస్తూ ఉన్నాను. డి.ఈ. గారు నా పక్కనే నిలబడ్డారు. నది వైపు కాకుండా ఊరి వైపే చూస్తున్నారు.

ముందు పూలదండలు వచ్చాయి. తర్వాత ఎర్రటి చీర ఒకటి నీటిలో బుడగలా ఉబ్బి పైకి తేలింది. సత్తిబాబు కొక్కెం వేసి లాగాడు. కొంగులో రాయి అలాగే ఉంది, పసుపు కూడా పూర్తిగా పోలేదు. దాని వెనక వంగపండు రంగుది. దాని వెనక రెండు మూడు పెనవేసుకుని వచ్చాయి.

"మీ ఆవిడది ఏదిరా, వీర్రాజూ?" అని కింద నుంచి అరిచాడు సత్తిబాబు.

"ఏదైతేనేం, అన్నీ లాగు!"

ఆకుపచ్చది ఆలస్యంగా వచ్చింది. మామిడిపిందెల అంచు. కొంగులో రాయి మిగతావాటికంటే పెద్దది. పొద్దున్న పీట మీద నేను మడత విప్పకుండా వదిలేసిన చీర. ఇంట్లో ఉన్నవాటిలో మంచిదేదో అదే ఇచ్చారావిడ.

వెదురు గెడ గడప మీద ఇటు నుంచి అటు తడిమి, ఇంకేం తగలడం లేదని సత్తిబాబు చెయ్యి ఊపాడు. "దించు," అన్నారు డి.ఈ. గారు. వీర్రాజు చక్రం అందుకున్నాడు, డి.ఈ. గారు కూడా రెండో వైపు చెయ్యి వేశారు. రాడ్డు సగం దిగాక నీటి ఒత్తిడికి తలుపు గాడిలో పట్టేసింది. వీర్రాజు ఒక చుట్టు వెనక్కి తిప్పి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ముందుకు తిప్పాడు. వదిలింది. ఎర్ర గీత మెల్లగా కిందికి వచ్చి చక్రం అంచుని తాకింది. లోపల సుడులు ఒకటొకటిగా అణిగాయి. చివరికి కొబ్బరి పీచు ముక్క ఒకటి కాలువ మధ్య ఎటూ కదలకుండా నిలబడింది. దాన్ని నేను చాలాసేపు చూశాను.

తర్వాత పంపులు పెట్టాం. అవి తెల్లవార్లూ ఆడాయి. నీరు మా వీధిలో రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది. బాగా పల్లాన ఉన్న కొన్ని ఇళ్ళలోకి మాత్రం వెళ్ళింది. బియ్యం బస్తాలు అటకలెక్కించేంత వ్యవధి వాళ్ళకి దొరికింది.

నివేదికలో డి.ఈ. గారు, గడపపై అన్యపదార్థాలు చేరినందున తలుపు కూర్చొనలేదని రాశారు. అన్యపదార్థాలు అంటే ఏమిటో వివరించమని పైనుంచి ఎవరూ అడగలేదు. తర్వాతి వరదలోగా తూముకి ఎడంగా, గట్టు మీదే ఒక సిమెంటు అరుగు కట్టించాం. అక్కడ పెట్టి మొక్కుకుంటే చాలని వీర్రాజు భార్యే వీధి వీధికీ చెప్పింది. ఇక్కడ చీరలు వేయరాదు అని బోర్డు రాయిద్దామని ఒకరన్నారు, నేను వద్దన్నాను. బోర్డు చూసి మొక్కు మానేవాళ్ళు ఉండరు. ఎక్కడ ఇవ్వాలో చూపిస్తే అక్కడికి వెళ్తారు.

పనిలో నేర్చుకున్నది ఇంతే. కూర్చోనంటున్న తలుపుని బలంతో కూర్చోబెట్టకూడదు, ఎత్తి చూడాలి. నది పక్క ఊరికి కాపలా నది వైపు ఒక్కటే సరిపోదు, వీపు వైపు కూడా ఉండాలి. జనం ఏం మొక్కుకుంటారో, ఎక్కడ మొక్కుకుంటారో తెలియకుండా వాళ్ళ కాలువలు చూడలేం.

తెల్లవారి ఇంటికి వెళ్ళేసరికి వాన వెలిసింది. వీధిలో ఆడవాళ్ళు చీపుళ్ళతో ఒండ్రుని కాలువలోకి నెడుతున్నారు. కలశం పీట మీద ఎక్కడిది అక్కడే, పొడిగా ఉంది. వంటింట్లో అత్తగారు పిల్లలకి దిబ్బరొట్టె వేస్తున్నారు. నేను సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసి దండెం మీద ఆరేశాను. పిల్లలిద్దరూ వచ్చి దాని కింద నిలబడ్డారు.

"అమ్మా," అంది పండు, "గోదారమ్మకి నాయనమ్మ చీర నచ్చలేదంట కదా. తిరిగిచ్చేసిందంట. పై వాటా ఆంటీ చెప్పింది."

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, చీర వైపు చూడకుండా, నా మొహం చూస్తూ నిలబడ్డారు. గట్టు మీంచి చీరల కబురు రాత్రే వీధికి చేరింది, అక్కడ అనుకున్న మాటలు ఆవిడ దాకా వచ్చే ఉంటాయి. నేను పండుని దగ్గరికి తీసుకుని, ఆవిడకి కూడా వినపడేటట్టు చెప్పాను.

"నచ్చకపోవడం కాదు పండూ. గోదారి మన మీద కోపంతో రాదు, చీర కోసమూ రాదు. మన ఇల్లు దానికంటే కింద ఉంది, సందు దొరికితే వస్తుంది. అందుకే గట్టు కట్టుకుని తలుపు పెట్టుకున్నాం. ఈ చీర నాయనమ్మ నాకోసం కొన్నది, నాకోసమే ఇచ్చింది. ఆరాక నేను కట్టుకుంటాను. వచ్చే ఏడు గోదారికి ఇంకోటి ఇద్దాం, గట్టు మీద పెట్టి ఇద్దాం. తలుపు దగ్గర మాత్రం ఎవ్వరూ ఏమీ పెట్టకూడదు. మొక్కైనా సరే."